నాన్నగారి ఆక్సిజన్ మెషీన్‌కి ఇన్వర్టర్ పెట్టించిన కథ

2025 ఆగస్టులో నాన్నగారిని రాజమండ్రి ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ చేస్తూ, రాత్రిళ్లు నిమిషానికి 2 లీటర్ల చొప్పున ఆక్సిజన్ పెట్టాలన్నారు డాక్టరుగారు. సీఓపీడీ, అంటే ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు. 5 లీటర్ల కాన్‌సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కరెంటు మెషీన్) కొనుక్కోమన్నారు. "ఇంట్లో ఇన్వర్టర్ ఉందా?" అని అడిగారు, ఉందన్నాం. అక్కడితో ఆ మాట అయిపోయింది. ఆ తర్వాత తుపాను వెళ్లేదాకా మా ఇంట్లో దాని గురించి తప్ప వేరే మాట లేదు. ఇలాంటి మెషీన్ ఇంటికి తెచ్చుకోబోతున్నవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది రాజోలు దగ్గర ఊరు. కరెంటు తీగలన్నీ కొబ్బరి తోటల్లోంచే వస్తాయి. కాస్త గాలి వేస్తే చాలు, ఏదో ఒక మట్ట ఊడి తీగ మీద పడుతుంది. అందుకే ఇక్కడ ఇన్వర్టర్ లేని ఇల్లు తక్కువ. మాది ఎప్పటిదో పాత స్క్వేర్ వేవ్ రకం, కరెంటు గతుకులు గతుకులుగా ఇచ్చేది. దాని మీద ఫ్యాన్ తిరుగుతుంటే గుయ్యిమని మోత వస్తుంది. మాకది అలవాటైపోయింది.

మెషీన్ వచ్చిన కొద్ది రోజులకే ఓ అర్ధరాత్రి కరెంటు పోయింది. ఫ్యాన్ మోతతో పాటు కాన్‌సన్‌ట్రేటర్ చప్పుడూ మారింది. మామూలుగా బుస్సు... బుస్సుమంటూ నెమ్మదిగా నడిచేది కాస్తా గరగరలాడింది. కాసేపటికి ఎర్రలైటు, కీచుమని అలారం. నాన్నగారు ముక్కు దగ్గర గొట్టం పట్టుకుని నా వైపే చూస్తున్నారు. గొట్టం పక్కనున్న ఆక్సిజన్ సిలిండర్‌కి మార్చి వాల్వు తిప్పేలోపు నా చేతులు వణికాయి.

మర్నాడు మెషీన్ కంపెనీవాళ్లకి ఫోన్ చేస్తే, లోపల ఉండేది కంప్రెసర్ మోటారు కాబట్టి మెయిన్ లైనులో వచ్చేలాంటి నున్నటి కరెంటు ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే కావాలన్నారు. స్క్వేర్ వేవ్ మీద మోటారు వేడెక్కుతుందనీ, అలా పాడైతే వారంటీ వర్తించదనీ చెప్పారు. ఈ ముక్క మెషీన్ అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

సిలిండర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇన్వర్టర్ ఎంత బాగా కుదిరినా సిలిండర్ వద్దనుకోకూడదు. మా దగ్గర ఉన్నది బి టైప్. నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్ల లెక్కన 12 గంటలు. నింపించాలంటే అమలాపురం వెళ్లాలి. సెప్టెంబర్ అంతా ఆ ఒక్క సిలిండర్ ధైర్యంతోనే గడిపాం. కరెంటు పోతే నేను లేవడం, గొట్టం మార్చడం, మళ్లీ వచ్చాక మెషీన్‌కి పెట్టడం. పొద్దున్నే బళ్లో పిల్లల ముందు ఆవలింతలు.

షాపుల వేట ఆ నెలలోనే మొదలైంది. ఎక్కడికి వెళ్లినా ఒకటే పాట: "900 వీఏ ఇన్వర్టరండి, 150 ఏహెచ్ బ్యాటరీ అండి, ఎనిమిది గంటలు ఢోకా లేదండి." వీఏ అంటే ఇన్వర్టర్ ఎంత బరువు మోయగలదో, ఏహెచ్ (ఆంపియర్ అవర్) అంటే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క. ఏం నడిస్తే ఎనిమిది గంటలు అని అడిగితే, మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లు అన్నాడు ఒకాయన. లెక్కల టీచర్ని కదా, అక్కడే వేశాను. మామూలు ఫ్యాను 75 వాట్లు, ఎల్ఈడీ బల్బు 9 వాట్లు. అన్నీ కలిపి 260. ఎనిమిది గంటలకి 2,000 వాట్ అవర్ల పైచిలుకు. 12 వోల్టులని 150 ఏహెచ్‌తో గుణిస్తే బ్యాటరీలో ఉన్నదే మొత్తం 1,800. అదీ కాగితం మీద. ఆయన నవ్వి, "అంత లెక్క ఎవరూ చూడరండి" అన్నాడు.

మా లెక్క ఇంకా బరువు. కాన్‌సన్‌ట్రేటర్ ఒక్కటే 330 వాట్ల దాకా తీసుకుంటుంది. ఒక ఫ్యాను, ఒక బల్బు, వైఫై కలిపితే 420. దీన్ని ఒక్క 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపితే 40 ఆంపియర్లు లాగుతుంది. 150 ఏహెచ్ అని రాసేది 20 గంటల్లో నిదానంగా వాడినప్పటి మాట. అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున. 40 లాగితే అంత రాదు, ఇన్వర్టర్ లోపల పోయేది కూడా ఉంటుంది. నిజంగా చేతికొచ్చేది రెండున్నర, మహా అయితే మూడు గంటలు. ఈ మాట నాకు చెప్పింది షాపువాళ్లు కాదు, మా ఊళ్లో వైరింగ్ పనులు చేసే అబ్బాయి. "టీచర్‌గారండి, దీనికి రెండు బ్యాటరీలు ఉండాల్సిందేనండి. 24 వోల్టుల ఇన్వర్టర్ తీసుకోండి. లాగేది సగమవుద్ది, తీగలూ వేడెక్కవు" అన్నాడు.

ఒక షాపులో మా పాత బ్యాటరీనే ఉంచుకుని ఇంకొక కొత్తది జత చేయమని సలహా ఇచ్చారు, పదిహేను వేలు మిగులుతాయని. ఈ అబ్బాయి ఒప్పుకోలేదు. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, పాతదీ కొత్తదీ కలిపితే పాతది ముందే ఖాళీ అయిపోయి, కొత్తదాన్ని కూడా పాడు చేస్తుందట. రెండూ ఒకే కంపెనీ, ఒకే సైజు, వీలైతే ఒకే నెలలో తయారైనవి ఉండాలన్నాడు. లిథియం కూడా అడిగి చూశాను. బరువు తక్కువ, నీళ్లు పోసే పని లేదు, తొందరగా చార్జ్ అవుతుంది. కానీ మాకు కావలసిన సైజుకి చెప్పిన ధర ట్యూబులర్ (నీళ్లు పోసే మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ) జతకి రెట్టింపు పైనే. దండం పెట్టి వచ్చేశాను.

ఈలోపు తెలిసిన సంగతి ఏమిటంటే, సెప్టెంబర్ 22 నుంచి బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గుతోంది. ఆగమని షాపాయనే చెప్పాడు, అది మాత్రం ఆయన మంచితనం. డబ్బు కలిసొచ్చింది గానీ ఆ ఆగిన రోజుల్లో ఆకాశంలో మబ్బు కనిపిస్తే నాకు గుండె దడ. 24న అడ్వాన్స్ ఇచ్చాం. 24 వోల్టుల మోడల్ స్టాకు లేదు, పైనుంచి రావాలన్నారు. దసరాకి షాపులు మూశారు. చివరికి సామాను ఇంటికొచ్చింది అక్టోబర్ 4న, శనివారం.

ఒక్కో బ్యాటరీ యాభై కిలోల పైనే. ఆటోలోంచి ఇద్దరు మనుషులు దింపారు. పక్కకి ఒరిగితే యాసిడ్ కారుతుంది కాబట్టి నిటారుగానే మొయ్యాలి. దింపగానే మా వైరింగ్ అబ్బాయి చేసిన మొదటి పని తయారీ నెల ఎక్కడ కొట్టారో వెతకడం. షాపులో ఏడాదిగా పడున్నది అంటగడితే మన ప్రాణానికే కదా. రెండూ ఆగస్టువే వచ్చాయి. సీరియల్ నంబర్లు బిల్లు మీదా వారంటీ కార్డు మీదా ఒకేలా ఉన్నాయో లేదో చూసి, షాపు ముద్ర వేయించుకున్నాను. ముద్ర లేకపోతే రేపు కార్డు చెల్లదంటారు.

ఎక్కడ పెట్టాలన్నది ఇంకో పంచాయితీ. మెట్ల కింద ఖాళీ ఉంది, పాతది అక్కడే ఉండేది. దాన్ని ఆనుకునే అమ్మ దేవుడి మూల. రోజూ రెండు పూటలా దీపం. చార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీల్లోంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పు దగ్గర ఉండకూడదు, పైగా ఇప్పుడు పక్క గదిలో ఆక్సిజన్ కూడాను అని ఆ అబ్బాయి ససేమిరా అన్నాడు. "ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడేంట్రా?" అని అమ్మ. చివరికి దేవుడు కదల్లేదు, బ్యాటరీలే వెనక వసారాలోకి వెళ్లాయి. వానాకాలం వసారాలోకి నీళ్లొస్తాయని, ఇటుకలతో మోకాలెత్తు దిమ్మ కట్టించాం. నాన్నగారి గదిలో దీపం, అగరుబత్తి, దోమల కాయిల్ అన్నీ బంద్.

వైరింగే అసలు పరీక్ష. మా ఇంట్లో కొన్ని గదులకి ఇంకా చెక్క బద్దీల వైరింగే. ఇన్వర్టర్ లైను నాన్నగారి గదికీ, హాలుకీ మాత్రమే లాగమన్నాం. ఫ్రిజ్, మిక్సీ, మోటారు దాని జోలికి రాకూడదు. లాగి స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) టప్పున పడిపోయింది. మళ్లీ లేపితే మళ్లీ పడింది. రెండు గదుల న్యూట్రల్ తీగలు (కరెంటు తిరిగొచ్చేవి) ఎక్కడో పైన ఒకచోట కలిపేశారు ఎప్పుడో. ఇన్వర్టర్ నుంచి వెళ్లిన కరెంటు వేరే దారిలో తిరిగొస్తుంటే ఆర్‌సీసీబీ అది లీకేజీ అనుకుని పడిపోతుంది. ఆ ముడి ఎక్కడుందో పట్టుకోవడానికి సాయంత్రమైంది. షాపువాళ్ల ఫ్రీ ఇన్‌స్టలేషన్‌లో ఇవేవీ ఉండవు, డబ్బా పెట్టి రెండు తీగలు తగిలించి వెళ్లిపోతారంతే. పాత ఇళ్లవాళ్లు వైరింగ్ ఖర్చు విడిగా చూసుకోవాలి.

అంతా అయ్యాక తెలిసింది, ఆ రాత్రి వాడకూడదని. మొదట పది, పన్నెండు గంటలు పూర్తిగా చార్జ్ అవ్వాలట. ఆ రాత్రి కరెంటు పోలేదు, అదృష్టం. మర్నాడు మెయిన్ ఆఫ్ చేసి చూశాం. మెషీన్ చప్పుడులో తేడా లేదు, ఫ్యాన్ మోత లేదు. నాన్నగారికి కరెంటు పోయిందని కూడా తెలియలేదు. అమ్మ పాయసం చేసింది.

ఆ సంతోషం ఓ వారం ఉందేమో. ఒకరోజు రాత్రి రెండు దాటాక ఇన్వర్టర్ బీప్ బీప్ మంది. "బ్యాటరీ లో", అంటే చార్జ్ తక్కువ, అని డిస్‌ప్లే. ఆ రాత్రి కరెంటు పోనే లేదు! వంటింట్లో లైటు వెలుగుతూనే ఉంది. సిలిండర్‌కి మార్చాను. మర్నాడూ అదే తంతు. షాపుకి ఫోన్ చేస్తే బ్యాటరీ ఫాల్టీ అయ్యుంటుంది, కంప్లైంట్ రాయించండి, మనిషి వస్తాడన్నారు. ఆ మనిషి రావడానికి నాలుగైదు రోజులు పట్టింది. అప్పటికి నాకు ఎవర్ని చూసినా చిరాకే.

వచ్చినాయన హైడ్రోమీటర్ (యాసిడ్ చిక్కదనం చూసి చార్జ్ ఎంతుందో చెప్పే గొట్టం) పెట్టి ఒక్కో సెల్లూ చూశాడు. నిండుగా చార్జ్ అయిన ట్యూబులర్ బ్యాటరీలో 1240 దగ్గర చూపించాలి. మావి అన్నీ 1180, 1185. "అన్ని సెల్లులూ ఒకేలా ఉన్నాయండి, బ్యాటరీలు శుభ్రంగా ఉన్నాయి. వీటికి తిండి అందట్లేదు" అన్నాడు. అందాల్సిన తిండి ఎటు పోతోందో మాత్రం ఆయనకీ అంతుపట్టలేదు. పగలు వచ్చాడు కాబట్టి అంతా సవ్యంగానే కనిపించింది, వెళ్లిపోయాడు.

పట్టుకుంది మళ్లీ మా వైరింగ్ అబ్బాయే. రాత్రి ఎనిమిదింటికి వచ్చి ప్లగ్గులో మీటర్ పెట్టాడు. 166 వోల్టులు, ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ. మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులు. చీకటి పడితే చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఎక్కువగా రాత్రిళ్లే తిరుగుతాయి. వాళ్ల రొయ్యలకీ, మా నాన్నగారికీ ఒకే వేళకి ఆక్సిజన్ కావాలి, ఒకే లైను మీద. మాది లైను చివర.

ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది, యూపీఎస్ మోడ్, వైడ్ మోడ్ అని. యూపీఎస్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు క్షణంలో మారుతుంది, కంప్యూటర్లు కూడా ఆగవు. మెషీన్ కోసమని మాకు అందులోనే పెట్టారు. కానీ ఆ మోడ్‌లో 180 వోల్టుల లోపు వస్తే ఆ కరెంటుని అది కరెంటుగానే లెక్కపెట్టదు, బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది. అంటే రోజూ రాత్రి మా ఇంట్లో కరెంటు ఉండగానే మేం బ్యాటరీ మీద నడుస్తున్నాం. పగలు పూర్తిగా చార్జ్ అయ్యేలోపే మళ్లీ రాత్రి.

"వైడ్‌లో పెడితే సరిపోద్ది కదా" అన్నాను. పెట్టి చూపించాడు. ఇన్వర్టర్ ఊరుకుంది గానీ, ఈసారి కాన్‌సన్‌ట్రేటర్ అలారం కొట్టింది. వైడ్‌లో వచ్చిన కరెంటు వచ్చినట్టే లోపలికి వదిలేస్తుంది. 166 వోల్టులకి మెషీన్ నడవదు. చివరికి ఇన్వర్టర్‌కి ముందు ఒక స్టెబిలైజర్ పెట్టాం, 130 వోల్టులు వచ్చినా సరిచేసి ఇచ్చేది. మోడ్ మళ్లీ యూపీఎస్‌కి. ఆ రాత్రి నుంచి బీప్ లేదు. మీ ఇంట్లో ట్యూబులైటు రాత్రిపూట మినుకుమినుకుమంటుంటే, ఇన్వర్టర్ బేరానికి ముందే రాత్రి వోల్టేజి చూపించుకోండి. లో వోల్టేజి గురించి కరెంటువాళ్లకి అర్జీ కూడా పెట్టాం. చూస్తామన్నారు.

అంతలో మొంథా తుపాను వస్తోందన్నారు. బళ్లకి సెలవులు. నేను రెండో సిలిండర్ అద్దెకి తెచ్చి నింపించాను, బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ చూసుకున్నాను. అక్టోబర్ 28 మధ్యాహ్నమే కరెంటు పోయింది. అర్ధరాత్రి వేళ తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. అంటే మా పక్కనే. బయట కొబ్బరి చెట్లు విరిగిపడుతున్న చప్పుడు, పెంకులు లేస్తున్న చప్పుడు. నేను వసారా తలుపు సందులోంచి టార్చి వేసి ఇన్వర్టర్ డిస్‌ప్లే చూస్తూ కూచున్నాను. పగలు ఒక బల్బు కూడా వెయ్యనివ్వలేదు. రాత్రి మెషీనూ, ఒక జీరో బల్బూ, అంతే. తొమ్మిదింటికి మొదలుపెడితే నాలుగు దాటేదాకా నడిచింది. బీప్ వినపడగానే సిలిండర్‌కి మార్చాం. నాన్నగారు ఆ రాత్రి నాకన్నా బాగా నిద్రపోయారు.

తెల్లారి చూస్తే మా వీధి స్తంభాలు రెండు నేలమీద. కరెంటు ఇప్పట్లో రాదని తెలిసిపోయింది. చెరువులున్న మా బాబాయ్ గారు చిన్న పెట్రోలు జనరేటర్ పంపించారు. తగిలిస్తే ఇన్వర్టర్ దాన్ని తీసుకోదే! చిన్న జనరేటర్ కరెంటు నిలకడగా ఉండదు కాబట్టి యూపీఎస్ మోడ్ దాన్నీ ఒప్పుకోదు. ఫోన్లు పనిచెయ్యట్లేదు, అబ్బాయి రాలేడు. వెనక స్విచ్ వైడ్‌కి తోశాను. చార్జింగ్ గుర్తు వెలిగింది. రోజూ పగలు ఆరు గంటలు జనరేటర్, నాలుగైదు లీటర్ల పెట్రోలు. దాంతో పూర్తిగా నిండదు గానీ రాత్రిలో ఎక్కువ భాగం గడుస్తుంది, మిగతాది సిలిండర్. జనరేటర్ మాత్రం ఇంటికి దూరంగా తోటలో పెట్టాం, నాన్నగారి గదిలోకి ఆ పొగ రాకూడదు కదా. కరెంటు 31 సాయంత్రానికి వచ్చింది.

ఖర్చులు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఇన్వర్టర్ 13,500. బ్యాటరీలు రెండూ 28,400. స్టాండు 1,900. వైరింగ్ సామాను, కూలీ, దిమ్మతో సహా 6,300. స్టెబిలైజర్ 4,800. నాన్నగారి గదిలో పాత ఫ్యాను తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటు తినే రకం) వేశాం, 2,900. పాత బ్యాటరీ, ఇన్వర్టర్ ఇచ్చేస్తే 3,000 తగ్గించారు. మొత్తం 54,800 రూపాయలు. 45,000 పెట్టి కొన్న మెషీన్ కన్నా దాన్ని నడిపించే సరంజామాకే ఎక్కువైంది. కరెంటు బిల్లు సరేసరి. మెషీనే రాత్రికి ఎనిమిది గంటల చొప్పున నెలకి 80 యూనిట్ల దాకా తింటుంది. ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా కొంత లాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు నెలకోసారి మూతల మీద నీటిమట్టం చూపించే ఫ్లోట్లు చూసి డిస్టిల్డ్ వాటర్ పోస్తున్నాను. ఫిల్టర్ నీళ్లు పోసినా ఏం కాదని చుట్టాలు చెబుతూనే ఉంటారు, నేను వినట్లేదు. తోట వైపున్న బ్యాటరీలో మూడో సెల్లు మిగతావాటికన్నా తొందరగా నీళ్లు తాగేస్తోంది. సంక్రాంతి లోపల ఆ హైడ్రోమీటర్ ఆయన్ని మళ్లీ పిలిపించాలి. ఈసారి రాత్రిపూట రమ్మంటాను.